పరాయి గ్రహపు మొక్కను ఊహించడం ఎలా: శేషాచలం పాదాల దగ్గర ఒక అభ్యాసం

బడిలో జరిగే విజ్ఞాన ప్రదర్శనకు "వేరే గ్రహం మీది చెట్టు" అనే అంశం ఇస్తే, వచ్చే బొమ్మలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఊదారంగు ఆకులు, కొమ్మల చివర కళ్ళు, వేళ్ళతో నడిచే మాను. తిరుపతిలో కొన్నేళ్ళుగా పిల్లలచేత ఈ పని చేయిస్తున్న నాకు ఆ బొమ్మలతో పేచీ లేదు, "ఆకు ఊదారంగులో ఎందుకుంది?" అని అడిగినప్పుడు పిల్లలు బిక్కమొహం వేయడంతోనే పేచీ. మొక్కలో ఉన్న ప్రతి భాగమూ దాని పూర్వీకులకు ఎదురైన ఏదో ఒక ఇబ్బందికి దొరికిన జవాబు. అందువల్ల ముందుగా ఇబ్బందులను రాసుకొని, ఆ తరువాతే మొక్కను గీయాలి. ఆ క్రమాన్ని ఒక నిజమైన గ్రహాన్ని ఉదాహరణగా తీసుకొని ఇక్కడ వివరిస్తున్నాను.

దీనికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, కాలిక్యులేటరు చాలు. వీటితోపాటు అలిపిరి మెట్ల దారిలోనో, కపిలతీర్థం పరిసరాల్లోనో చెట్లను చూడటానికి ఒక పూట కేటాయించాలి. మెట్లు దిగి అడవిలోకి మాత్రం పోకూడదు. ఎర్రచందనం కారణంగా అక్కడ కాపలా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా తిరిగేవాడు మొక్కల కోసమే వచ్చానని చెప్పినా ఎవరూ నమ్మరు. దారి పక్కన కనిపించే చెట్లే మన పనికి సరిపోతాయి.

గ్రహాన్ని ఎంచుకోవడం

"ఏదో ఒక గ్రహం" అనుకొని మొదలుపెడితే పని చెడుతుంది. గ్రహానికి పేరు ఉండాలి, కొలతలు ఉండాలి. అంగారకుడు సులువుగా తోస్తుంది గాని, అక్కడి గాలి పీడనం సుమారు 6 మిల్లీబార్లే కావడంతో నేల మీద నీరు ద్రవంగా నిలవడం కష్టం. శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీద సరస్సులు ఉన్నా, అవి సున్నాకు దిగువన 179 డిగ్రీల చలిలో నిలిచిన మీథేన్ సరస్సులు. అక్కడి జీవరసాయనం గురించి మనకున్న అనుభవం ఏమీ పనికిరాదు. మొదటిసారి ప్రయత్నించేవారు ఈ రెండింటినీ పక్కన పెట్టడం మంచిది.

నేను ట్రాపిస్ట్-1ఇ అనే గ్రహాన్ని సూచిస్తాను. మనకు సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్రని నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలు తిరుగుతున్నాయని 2017 ఫిబ్రవరిలో ప్రకటించారు. వాటిలో "ఇ" తన నక్షత్రాన్ని 6.1 రోజులకు ఒకసారి చుట్టివస్తుంది. భూమికి సూర్యుని నుంచి అందే కాంతిశక్తిలో దాదాపు 65 శాతం దానికి అందుతుంది. దాని గురుత్వం భూగురుత్వంలో సుమారు 82 శాతం. నక్షత్రపు ఉపరితల ఉష్ణోగ్రత 2,566 కెల్విన్లు, సూర్యునిది 5,772. నక్షత్రం వయసు సుమారు 760 కోట్ల సంవత్సరాలని అంచనా. దాని మీద గాలి ఉందని గాని, నీరు ఉందని గాని ఇంకా రుజువు కాలేదు. ఆ రెండూ ఉన్నాయని మనం అనుకుంటున్నామన్న సంగతి మొదటి పుటలోనే స్పష్టంగా రాయాలి. ఊహను ఊహగా ఒప్పుకోవడం ఈ అభ్యాసంలో సగం పాఠం.

ఎండను లెక్కకట్టడం

తొందరపడి ఆకు గీయకుండా ముందు ఎండను లెక్కకట్టాలి. నక్షత్రం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెలుగుతుందో తెలుసుకోవడానికి వీన్ సూత్రం ఉంది: 28,98,000 అనే సంఖ్యను కెల్విన్లలో ఉన్న ఉష్ణోగ్రతతో భాగిస్తే జవాబు నానోమీటర్లలో వస్తుంది. సూర్యునికి భాగించి చూస్తే 502 వస్తుంది. అది కంటికి కనిపించే కాంతి నడుమ పడుతుంది. ట్రాపిస్ట్-1కి భాగిస్తే 1,129 వస్తుంది. అది మన కంటికి కనిపించని పరారుణ కాంతి. అంటే ఆ గ్రహానికి అందే 65 శాతంలో అత్యధిక భాగం మన చెట్లు వాడుకోలేని కాంతి. మన చెట్లు వాడుకొనేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనున్నది మాత్రమే.

ఇక్కడొక చిక్కును గమనించాలి. ఆకు కాంతిని శక్తిగా తూకం వేయదు, కాంతికణాలుగా లెక్కపెడుతుంది. ఒక కణం మోసుకొచ్చే శక్తి చాలకపోతే ఎన్ని కణాలు వచ్చినా ఒక్కో మెట్టు ఎక్కించే పని జరగదు. మన మొక్కలు నీటి అణువులను చీల్చి ఒక ఆక్సిజన్ అణువును విడుదల చేయడానికి కనీసం 8 కాంతికణాలను ఖర్చు చేస్తాయి, అంటే ఒక్కో ఎలక్ట్రానుకు రెండు చొప్పున. పరారుణ కణాలు బలహీనమైనవి కాబట్టి, వాటితో అదే పని చేయాలంటే ఎలక్ట్రానుకు మూడో నాలుగో కణాలు అవసరమవుతాయి. మొత్తం 12 నుంచి 16. అలిపిరి నుంచి కొండెక్కేవారిలో బలమున్నవాడు రెండేసి మెట్లు అంగలో దాటితే, ముసలివారు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతారు. ఇద్దరూ కొండపైకే చేరుతారు గాని అడుగుల లెక్క మారుతుంది. ఇలాంటి యంత్రాంగం రసాయనశాస్త్రం దృష్ట్యా అసాధ్యం కాదు, కాకపోతే మరింత సంక్లిష్టమైనది.

భూమి మీద కూడా ఈ హద్దును కొంచెం దాటినవి ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని షార్క్ బే అనే చోట నీలిహరిత సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చిన రాళ్ళ నుంచి 2010లో క్లోరోఫిల్-ఎఫ్ అనే కొత్త వర్ణద్రవ్యాన్ని కనుగొన్నారు. అది 700 నానోమీటర్లకు కొంచెం అవతలి కాంతిని కూడా పీల్చుకొంటుంది. నీడలో, పై పొరలు వాడుకోగా మిగిలిన వెలుగుతో బతకవలసిన జీవికి ఇది అక్కరకు వచ్చింది.

ఈ లెక్క పూర్తయ్యాక పిల్లలు ఉత్సాహంగా ఒక నిర్ణయానికి వస్తారు: కాంతి తక్కువ, అదీ బలహీనమైనది, కాబట్టి ఆకు ఏ కాంతినీ వదలకుండా పీల్చాలి, కాబట్టి ఆకు నల్లగా ఉండాలి. శాస్త్రవేత్తలలో కూడా ఈ ఊహ చేసినవారు ఉన్నారు. నాసాకు చెందిన నాన్సీ కియాంగ్ ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో నక్షత్రాన్ని బట్టి మొక్కల రంగు ఎలా మారవచ్చో పరిశీలించి, ఎర్రని చిన్న నక్షత్రాల దగ్గర నల్లని మొక్కలు ఉండవచ్చని రాశారు. తర్కం బాగానే ఉంది. అయితే బొమ్మకు నలుపు పులమడానికి ముందు తరువాతి మెట్టు కూడా ఎక్కాలి, ఎందుకంటే ఆ తర్కంలో ఆకు ఎవరి బిడ్డో అడగలేదు.

వంశవృక్షం రాయడం

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. నా అభిప్రాయంలో మొత్తం పనికి ఇదే ఆయువుపట్టు. పరిణామం కొత్త కాగితం మీద కొత్త బొమ్మ గీయదు, పాత బొమ్మనే దిద్దుకుంటూ పోతుంది. అందుచేత నేల మీది మొక్కను గీయదలిస్తే, దాని ముత్తాత ఎక్కడ బతికిందో ముందుగా రాయాలి.

తిరుమల కొండల మీద పేరిత అనే మొక్క ఉంది. చూడటానికి పొట్టి తాటిచెట్టులాగానో, పెద్ద ఫెర్న్‌లాగానో అనిపించే ఈ మొక్క శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమి; ఇది తిరుపతి, కడప కొండలకే పరిమితమైనది, అంతర్జాతీయ వ్యాపారం విషయంలో అత్యంత కఠినమైన రక్షణ పొందినది. సైకస్ జాతివారి మగ బీజకణాలు ఈదుతాయి. కరువు సీమలో, ఎండకు మాడే రాళ్ళ మధ్య బతికే మొక్క, విత్తనం కట్టే ముందు తన లోపలే ఒక చుక్క ద్రవాన్ని ఏర్పరచుకొని, అందులో బీజకణాలను ఈదిస్తుంది. ఈత నేర్చినది నీటిలో బతికిన ముత్తాతలు. కోట్ల సంవత్సరాల తరువాత కూడా ఆ అలవాటును ఈ వంశం వదలలేదు. జపానులో ఇకెనో అనే శాస్త్రవేత్త 1896లో మరో సైకస్ జాతిలో దీనిని కనుగొన్నారు. పేరిత వేళ్ళలో కొన్ని పగడపు కొమ్మల్లా చీలి నేల పైభాగానికి వస్తాయి. వాటి లోపల నీలిహరిత సూక్ష్మజీవులు కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. ఇదీ పాత చుట్టరికమే.

ఇప్పుడు ట్రాపిస్ట్-1ఇ దగ్గరికి తిరిగి వద్దాం. ఆ నక్షత్రం తరచూ జ్వాలలను విడుదల చేసి అతినీలలోహిత కిరణాలను కుమ్మరించే స్వభావం కలది. లేతదశలో ఉన్న జీవానికి ఆ దెబ్బ నుంచి కాపు దొరికేది నీటి అడుగునే. నీటి అడుగున పుట్టిన జీవికి ఏ వెలుగు అందుతుంది? నీరు పరారుణ కాంతిని చప్పున మింగేస్తుంది. ఒక మీటరు లోతుకు వెళ్ళేసరికి 900 నానోమీటర్లకు పైబడిన కాంతి దాదాపు మిగలదు. అంటే నక్షత్రం ధారాళంగా ఇచ్చే కాంతి నీటి పైపొరలోనే ఆగిపోతుంది, పిసినారిగా ఇచ్చే కనిపించే కాంతి మాత్రమే లోతుకు దిగుతుంది. కాబట్టి అక్కడి తొలి కిరణజన్య జీవులు సైతం మన క్లోరోఫిల్ వాడుకొనే తరంగాల చుట్టూనే తమ యంత్రాంగాన్ని కట్టుకొనే అవకాశం ఎక్కువ. ఆ తరువాత అవి ఒడ్డెక్కితే, పేరిత ఈతను వదలనట్టే, ఆ పాత యంత్రాంగాన్ని కూడా ఒకపట్టాన వదలవు. ఒడ్డు పక్క పల్చని నీటిలో వెలుగు ఎగుడుదిగుడుగా మారుతుండగా కొత్త యంత్రాంగానికి మారడం ప్రమాదకరమని కూడా తోస్తుంది. 2017లో జపాను పరిశోధకులు కొందరు ఇటువంటి వాదననే ప్రచురించారు. అంటే ఎండ లెక్క ఒక్కటే చూస్తే నల్లని ఆకు వస్తుంది, ఎండతోపాటు వంశం కూడా చూస్తే బహుశా మనకు అలవాటైన పచ్చదనానికి దగ్గరి ఆకే వస్తుంది. నేను రెండవదాని వైపే మొగ్గుతాను. విద్యార్థి మొదటిదాన్ని ఎంచుకొంటే తప్పు కాదు. కాని నీటిని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో రాయాలి.

కాలం సరిపోతుందా అనే సందేహానికి ఎక్కువ చోటు అక్కరలేదు. భూమి గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైనది సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం. నేల మీదికి మొక్కలు వచ్చినది సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితమే. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోటు ఒకటి ఉంది. ఆ రెండు రాళ్ళ నడుమ కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతయింది. పైనున్న, వయసులో చిన్నదైన ఆ రాయి ఏర్పడిన నాటికి కూడా ఈ భూమి మీద ఒక్క గడ్డిపరక లేదు. 760 కోట్ల ఏళ్ళ నక్షత్రం దగ్గర కాలానికి కొదువ లేదు.

ఏది అరువు తెచ్చుకోవచ్చు, ఏది తెచ్చుకోకూడదు

భూమి మీది లక్షణాలను పరాయి గ్రహానికి అరువు తీసుకెళ్ళవచ్చా అని పిల్లలు అడుగుతారు. దీనికి నేను ఒక గీటురాయి చెబుతాను: భూమి మీద ఆ లక్షణం ఎన్నిసార్లు విడివిడిగా పుట్టిందో చూడాలి.

చంద్రగిరి వైపు చేలగట్ల మీద నాగజెముడు, బొమ్మజెముడు రెండూ కనిపిస్తాయి. రెండింటికీ ఆకులు నామమాత్రం, పచ్చని కండగల కాండం, ముళ్ళు. ఊరివారు రెండింటినీ జెముడనే అంటారు. నిజానికి నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్ కుటుంబానిది, బొమ్మజెముడు ఆముదం కుటుంబానిది. బొమ్మజెముడును గాయపరిస్తే పాలు కారుతాయి, నాగజెముడుకు కారవు. (ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలచేత ఈ పరీక్ష చేయించకండి.) కరువనే ఒకే ప్రశ్నకు వేర్వేరు వంశాలు ఒకే జవాబు రాశాయి. చెరకు, మొక్కజొన్న, జొన్న వాడే సి4 అనే పద్ధతి, వేడిలో కార్బన్ డయాక్సైడును పొదుపుగా పట్టుకొనే పద్ధతి, 60కి పైగా సార్లు విడివిడిగా పుట్టింది. ఇలాంటివాటిని ధైర్యంగా అరువు తెచ్చుకోవచ్చు.

దీనికి భిన్నంగా, నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలే కిరణజన్య సంయోగక్రియ మనకు తెలిసినంతవరకు భూమి మీద ఒకేసారి పుట్టింది. మిగిలినవన్నీ ఆ ఒక్క వంశం నుంచి సంక్రమించినవే. అందుచేత మీ గ్రహంలో గాలినిండా ఆక్సిజన్ ఉందని సిరాతో రాయకండి, పెన్సిలుతో రాయండి. నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడు వాడుకొని, ఆక్సిజన్ స్థానంలో గంధకపు రేణువులు మిగిల్చే సూక్ష్మజీవులు ఇక్కడే ఉన్నాయి. నీటిని చీల్చడం కన్నా అది తేలికపని. అయితే అటువంటి సరకు అగ్నిపర్వతాల దగ్గర తప్ప అంతటా దొరకదు, నీరు దొరుకుతుంది. విస్తారమైన అడవిని గీయదలిస్తే నీటినే ఎంచుకోక తప్పదు.

కదలని సూర్యుడి కింద ఆకును అమర్చడం

నక్షత్రానికి ఇంత దగ్గరగా తిరిగే గ్రహం, మన చందమామ మనకు ఒకే ముఖం చూపినట్టు, తన నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపే అవకాశం ఎక్కువ. అలాగైతే ఒక వైపు ఎడతెగని పగలు, మరొక వైపు ఎడతెగని రాత్రి, మధ్యలో వలయంలా మాసిపోని సంజవేళ. ఆకాశంలో ఆ సూర్యుడు మన సూర్యుని కన్నా నాలుగు రెట్ల వెడల్పుతో, ఉన్నచోటనే ఉంటాడు. ఈ ఒక్క సంగతి నుంచి వచ్చే పర్యవసానాలను ఎంత ఓపికగా రాస్తే బొమ్మ అంత బాగా వస్తుంది.

మన చింతచెట్టు పొద్దుగూకేసరికి ఆకులు ముడుచుకుంటుంది, చేలో వేరుసెనగ కూడా అంతే. రాత్రే లేని చోట ఈ అలవాటుకు అర్థం లేదు. ఋతువులు కూడా దాదాపు ఉండవు కాబట్టి, ఎర్రచందనంలాగా ఎండాకాలానికి ఆకు రాల్చి వానకు చిగిర్చే పద్ధతికి పంచాంగం దొరకదు; పూత ఎప్పుడు పూయాలో మొక్క తన నిల్వలను బట్టి నిర్ణయించుకోవాలి. మన ఆకులు తిరిగే సూర్యునితో సర్దుకోవడానికి అన్ని దిక్కులకూ పరచుకొంటాయి. అక్కడ ఆ అవసరం లేదు. తిరుపతిలో ఏ మేడ ఎక్కి చూసినా డిష్ యాంటెన్నాలన్నీ దాదాపు ఒకే దిక్కుకు మొగం పెట్టి ఉంటాయి. అక్కడి ఆకులు కూడా అలాగే ఒకే కోణంలో, వరుసలుగా, ఒకటి మరొకదానిని కప్పకుండా నిలుస్తాయి. నడినెత్తిన సూర్యుడున్న ప్రాంతంలో అవి పళ్ళాల్లా పరచుకుంటాయి, సంజ వలయంలో తలుపుల్లా నిలువుగా లేస్తాయి. ఒకే జాతిని రెండు చోట్లా గీయమని విద్యార్థిని అడిగితే అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా కఠినమైనది నీడ. మన అడవిలో పెద్ద చెట్టు కింద ఉన్న మొలకకు కూడా పొద్దు కదిలే కొద్దీ ఎండ చుక్కలు పడుతుంటాయి. అది ఆశతో కాచుకొని ఉంటుంది. అక్కడ బండ వెనక పడిన గింజకు ఆ ఆశ లేదు. దానికి రెండే దారులు: వెలుగు చేరేదాకా గింజలో దాచుకున్న తిండితో పాకడం, లేదా ఇతరుల మీద ఎక్కడం. తలకోన వెళ్ళినవారు అక్కడి గిల్లతీగను చూసి ఉంటారు; మాను లావున మెలికలు తిరిగి, చెట్లను పట్టుకొని పైకి పోయే తీగ. దాని కాయలు గజం పొడవు, గింజలు అరచేతిలో సగం ఆక్రమించేంత పెద్దవి. ఆ గింజలోని నిల్వే నీడలో మొలకెత్తే తీగను మొదట పైకి నడిపిస్తుంది. కదలని సూర్యుడి గ్రహంలో ఇటువంటి పెద్ద గింజల తీగలు మన దగ్గరకంటే ఎక్కువగా ఉంటాయని నా ఊహ.

జ్వాలల సంగతి మరచిపోకూడదు. చిత్తూరు మామిడి తోటల్లో లేత చిగురు రాగిరంగులో వచ్చి, ముదిరాక పచ్చబడుతుంది. ఆ ఎరుపు లేత కణజాలానికి తీవ్రమైన వెలుగు నుంచి కాపు కాస్తుందని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. జ్వాలలు విరుచుకుపడే గ్రహంలో అటువంటి గొడుగు రంగు చిగురుకే కాక, ఆకు జీవితమంతా అవసరం కావచ్చు. కాబట్టి పచ్చదనం మీద రాగి పూత పెట్టడానికి ఇక్కడ న్యాయమైన కారణం ఉంది. ఊదారంగు కావాలనే పిల్లలకు ఈ దారి చూపిస్తాను.

ఎత్తు, గాలి

నీటిని పైకి లాగడానికి భూమి మీద ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణపు పీడనమంత లాగుడు కావాలి. మన గ్రహం మీది అతి ఎత్తైన చెట్లు 115 మీటర్ల దగ్గర ఉన్నాయి; 2004లో వచ్చిన ఒక అధ్యయనం గరిష్ఠ హద్దును 122 నుంచి 130 మీటర్లుగా అంచనా వేసింది. గురుత్వం 82 శాతమే ఉంటే ఆ హద్దు కొంత పెరుగుతుంది, కాని నాళాలలో రాపిడి గురుత్వంతో తగ్గదు కాబట్టి రెట్టింపులు రాయకండి. ఎర్రచందనం కాయ చుట్టూ గుండ్రని పల్చని రెక్క ఉంటుంది. రాలినది గాలికి కొంతదూరం పోతుంది. అక్కడ నడినెత్తి సూర్యుడి కింద వేడిగాలి పైకి లేచి, నేల దాపున చల్లని గాలి చీకటివైపు నుంచి వెలుగువైపుకు పారుతుందని అనుకుంటే, రెక్కగల గింజలు ఎప్పుడూ వెలుగువైపుకే కొట్టుకుపోతాయి. చీకటి అంచున ఉన్న మొక్కలకు అప్పుడు వేరుపిలకలతో పెరగడమే మేలు.

బొమ్మను పరీక్షించడం

చివరకు బొమ్మ గీసి, ప్రతి భాగం పక్కన "ఎందుకంటే" అని ఒక వాక్యం, "ఇది తప్పని ఎలా తెలుస్తుంది" అని మరొక వాక్యం రాయాలి. రంగు విషయంలో రెండవ వాక్యం రాయడం సాధ్యమే. పచ్చని ఆకు 700 నానోమీటర్ల దాకా కాంతిని పీల్చి, ఆ హద్దు దాటగానే పరారుణాన్ని తిప్పికొడుతుంది. పరారుణ కెమెరాతో తీస్తే మామిడితోట తెల్లగా మెరిసేది అందుకే. 1990 డిసెంబరులో గెలీలియో వ్యోమనౌక భూమి పక్కగా పోతున్నప్పుడు ఈ గుర్తును దూరం నుంచే పట్టుకొంది. కార్ల్ సేగన్, ఆయన సహచరులు 1993లో ఆ ఫలితాలను ప్రచురించారు. మీ మొక్క నల్లనిదైతే పీల్చడం ఆగి తిప్పికొట్టడం మొదలయ్యే ఆ హద్దు 700 దగ్గర కాకుండా ఇంకా అవతల కనిపించాలి. నేను మొగ్గిన పచ్చనిదైతే దాదాపు ఇక్కడే కనిపించాలి. ఆ సంఖ్యను బొమ్మ అడుగున రాయండి.

ఆ తరువాత బొమ్మలో సూర్యుణ్ణి రబ్బరుతో చెరిపివేసి, ఈ పాఠం వినని మరొక విద్యార్థికి ఇచ్చి, సూర్యుడు ఎటువైపున్నాడో చెప్పమని అడగండి. ఆకుల వాలు చూసి చెప్పగలిగితే బొమ్మ నిలిచినట్టే. ఒక ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి తెచ్చిన బొమ్మలో ఒక పెద్ద బండ వెనక జానెడు మేర రంగే వేయలేదు. చూడటానికి వచ్చిన పెద్దాయన ఒకరు, "ఇక్కడ మరిచిపోయావా అమ్మా?" అని అడిగారు. "లేదు సార్, అక్కడికి ఎండ ఎప్పటికీ రాదు" అని ఆ పిల్ల చెప్పింది.